తాళము తెరచుట: వేగమును నేర్పును



ఛందస్సును గూర్చియో పురాణములను గూర్చియో మాటలాడవలసిన పండితుడు తాళములు తెరచు విద్యను గూర్చి ప్రసంగించుట యేమి యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మొదట నేనును నవ్వితిని. ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విరమించిన నాకు తాళములతో గల పరిచయమెల్ల ఉదయము తరగతి గది తెరచి సాయంకాలము మూయుటయే. అయినను ఈ విషయమున నేనొకరికి ఋణపడి యున్నాను. 1989వ సంవత్సరమున ఒక తాళపుకప్పను ఆధారముగా గొని నలుగురి యెదుట నేనొక తీర్పు చెప్పితిని. ఆ సంగతి క్రమముగా వచ్చును. ముందు విద్య యెట్టిదో వినుడు.

నా పూర్వశిష్యుడొకడు జర్మనీ దేశమున ఇంజనీరు పని చేయుచుండెను. 2016 సంక్రాంతికి స్వగ్రామము వచ్చి నన్ను చూడ వచ్చెను. అరుగుపై కూర్చుండి కుశలప్రశ్నలైన పిమ్మట జేబులోనుండి చిన్న తోలుసంచి తీసి నా ముందుంచెను. అందు చెవిపుల్లల వంటి సన్నని ఉక్కు కడ్డీలు పది పన్నెండు కలవు. "ఇవేమిట్రా?" యని యడిగితిని. "తాళాలు తీసే పనిముట్లు, మాస్టారూ" అనెను. వాని తాతతండ్రుల నెరిగినవాడను. ఆ మాట విని నా గుండె గతుక్కుమన్నది. వాడు నా ముఖము చూచి నవ్వి, ఇది దొంగతనము కాదనియు, చదరంగము వంటి వినోదమనియు చెప్పెను.

వాడు చెప్పినది నిజమే. 1997లో హాంబర్గు నగరమున తాళవిద్యా క్రీడామిత్రులు అను నర్థము వచ్చు పేరుతో ఒక సంఘము నేర్పడినది. హాలెండు దేశమున టూల్ అను సంఘము కలదు. ఉద్యోగులు, విద్యార్థులు, గడియారములు బాగుచేయువారు కూడి, ఎవరి తాళమును వారు తెచ్చుకొని, చెవి లేకుండ తెరచుటలో పోటీపడుదురు. జూడో విద్యలో వలె నడుముపట్టీల రంగులతో శ్రేణులు కల్పించుకొన్నవారును కలరు. నల్లపట్టీ సంపాదించుట కేండ్లు పట్టునట. వీరికి రెండు నియమములు. నీది కాని తాళమును ముట్టరాదు. నీదేయైనను, నీవు నిత్యము నమ్మి వాడుకొనుచున్న తాళమును ముట్టరాదు. మొదటిది ధర్మమునకు, రెండవది తాళము చెడి వీధిలో నిలువబడకుండుటకు.

ఇక తాళము లోపలి సంగతి. నేడు పట్టణపు టిండ్ల తలుపులకు వేయు తాళములలో పెక్కు అమెరికాలో లైనస్ యేల్ అను నతడు 1861లోను 1865లోను పేటెంటు పొందిన పద్ధతివే. మూలభావము అంతకంటె ప్రాచీనము; ఐగుప్తు దేశమున కొయ్యతో చేసిన యిట్టి తాళములు వేల యేండ్ల క్రిందటనే కలవు. ఒక గొట్టములో మరియొక బొడ్డు తిరుగవలెను. తిరుగకుండ ఐదో ఆరో చిన్న పిన్నులు పైనుండి అడ్డుపడి యుండును. ప్రతి పిన్నును రెండు తునుకలు. స్ప్రింగు దానిని క్రిందికి నొక్కుచుండును. సరియైన చెవి దూర్చినప్పుడు దాని పళ్లు ఒక్కొక్క పిన్నును కావలసినంత యెత్తు లేపగా, తునుకల నడిమి సందులన్నియు ఒక్క గీతకు వచ్చును. అప్పుడు బొడ్డు తిరుగును. ఒక్క పిన్ను వెంట్రుకవాసి ఎక్కువ లేచినను తక్కువ లేచినను తిరుగదు.

ఇంత కట్టుదిట్టమైనదానిని కడ్డితో నెట్లు తెరతురు? మనుష్యుడు చేసిన రంధ్రము లేవియు నూలుపట్టినట్లు ఒక్క వరుసలో నుండవు. కావున బొడ్డును మెల్లగా త్రిప్పబోయినచో పిన్నులన్నియు ఒక్కమారు బిగియవు. ఒకటి ముందు బిగియును. దానిని కొక్కెపు కడ్డితో మెల్లగా లేపగా, తన గీతకు రాగానే చిటుక్కున నిలిచిపోవును. అంతట మరియొకటి బిగియును. ఇట్లు ఒక్కొక్కదానినే వెదకి నిలుపుట మొదటి పద్ధతి. ఎడమచేతి వ్రేలితో ఒక వంపురేకును పట్టి బొడ్డుపై సన్నని ఒత్తిడి నుంచవలెను. ఆ యొత్తిడి లోనే విద్య యంతయు నున్నదని మావాడు చెప్పెను. వీణ మీద ఎడమచేతి వ్రేళ్ల వంటిదన్న మాట.

రెండవ పద్ధతి గీకుడు. రంపపు పళ్లవలె వంకరలు గల కడ్డిని లోనికి బయటికి వేగముగా ఆడించుట. పిన్నులన్నియు గంతులిడుచుండగా అదృష్టవశమున ఒక్కొక్కటి నిలిచిపోవును. మూడవది తట్టుడు. అన్ని చోట్లను మిక్కిలి లోతుగా కోసిన చెవిని దూర్చి వెనుకనుండి చిన్నదెబ్బ కొట్టిన, పిన్నులు రెప్పపాటు కాలము పైకెగురును. ఆ రెప్పపాటులోనే త్రిప్పవలెను. ఇంత సులభమైన యుపాయము కలదని 2005లో హాలెండు సంఘమువారే ప్రకటించిరి. తలుపులు దిట్టముగా నున్నవని నమ్మి నిద్రించుచుండినవారు కలత చెందిరి; తాళములు చేయువారు మేలైనవి చేయవలసి వచ్చెను.

నాలుగవ దానిని చూచి నేను ముగ్ధుడనైతిని. దానిలో కడ్డి లేదు. పళ్లు కోయని చెవిని తాళమున దూర్చి, అటునిటు అదిమి, బయటికి తీసి వెలుతురులో చూతురు. బిగిసిన పిన్ను ఆ యిత్తడిపై చీమకాలంత గుర్తు పెట్టును. ఆ చోట ఆకురాయితో ఒక్క రాపిడి. మరల దూర్చుట, మరల చూచుట. గుర్తు పడుట మానినచోట రాపిడి మానవలెను. ఇట్లు చేయగా చేయగా తాళము తన చెవిని తానే చెప్పుకొనును! చేయి తిరిగినవారు కొద్ది నిమిషములలో ముగింతురు. కడ్డితో తెరచినవానికి తెరచిన తలుపు మాత్రమే దక్కును. వీనికి చెవియు దక్కును.

మావాడు తాను తెచ్చిన తాళములలో నొకదానిని గీకుడుచేత నాలుగు క్షణములలో తెరచి నాకిచ్చెను. నేను ఆశ్చర్యపడితిని. వాడు దానిని మరల మూసి, ఈమారు ఒక్కొక్క పిన్నును వెదకుచు తెరచెను. పది నిమిషములు పట్టెను. "రెంటిలో ఏది గొప్ప?" యని నేనడుగగా, "గీకి తెరిచాక ఆ తాళం గురించి నాకేమీ తెలియదు, మాస్టారూ. ఇప్పుడు మూడో పిన్ను ముందు బిగుస్తుందనీ, ఐదోది మొండిదనీ తెలిసింది. రేపు చీకట్లోనైనా తీస్తాను" అనెను. ప్రశ్నోత్తరములు వల్లించి ఉత్తీర్ణులైనవారిని, వ్యాకరణము నేర్చి తప్పిపోయినవారిని నేను చాలమందిని చూచితిని గనుక వాని మాట నాకు వెంటనే బోధపడినది.

మన భాషలో గడియ యనగా తలుపునకు వేయునదియు, ఇరువదినాలుగు నిమిషముల కాలమును. ఈ రెండు గడియలును ఒక్కచోట కలిసిన చరిత్ర యొకటి కలదు.

ఇంగ్లండులో 1817లో పోర్ట్స్‌మత్ నౌకాశాలలో దొంగలు పడిరి. మారుచెవితో తెరువరాని తాళము చేసినవారికి నూరు పౌనులు బహుమాన మిత్తుమని ప్రభుత్వము ప్రకటించెను. మరుసటి యేట జెరమయ చబ్ అను నతడు ఒక తాళము చేసెను. దాని గొప్ప బలములో లేదు. అందులోని మీటలలో దేనినైనను ఎవడైనను కడ్డితో కొలతకు మించి లేపెనా, తాళము బిగుసుకొనిపోవును. యజమానుడు వచ్చి తన చెవి పెట్టగానే తిరుగకపోవుటచేత, తాను లేనప్పుడు ఎవడో చేయి పెట్టెనని తెలిసికొనును. అనగా తాళమే సాక్షి. వృత్తిచేత తాళములవాడైన యొక ఖైదీకి, దీనిని తెరచినచో శిక్ష రద్దు చేయుదు మనగా, అతడు నెలల తరబడి పాటుపడి తనవల్ల కాదని విడిచిపెట్టెనని చెప్పుదురు.

అంతకు ముందే, 1790లో, జోసెఫ్ బ్రామా యను నిపుణుడు పదునెనిమిది జారుడు పలకలు గల తాళమొకటి చేసెను. దానిని లండనులోని యంగడి గవాక్షమున నుంచి, చెవి లేకుండ తెరచువానికి రెండువందల గినీలు బహుమాన మిత్తుమని వ్రాసిపెట్టిరి. అరువది యేండ్లు గడచెను. బ్రామా 1814లో గతించెను. తాళము అట్లే యుండెను.

1851లో లండను నగరమున మహాప్రదర్శనము జరుగునప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అను అమెరికా దేశీయుడు తన యజమానుల తాళములను చూప వచ్చెను. ఇంగ్లండు తాళములన్నియు తెరువదగినవే యని అతడు చాటెను. జూలై 22వ తేదీన వెస్ట్‌మినిస్టరులో ఒక యింటి ఖజానా తలుపునకున్న చబ్ తాళమును పలువురు చూచుచుండగా ఇరువదియైదు నిమిషములలో తెరచెను. అనగా ఒక గడియకు నిమిషము మాత్రమే యెక్కువ. అంతటితో విడువక ఏడు నిమిషములలో మరల మూసెను. సాక్షి యనుకొన్న మీట నోరు విప్పలేదు. ఏలయన, అతడు ఆ మీటనే తనకు దారిచూపునదానిగా వాడుకొనెను. అది ఎప్పుడు బిగియునో తెలిసినవానికి, ఏ మీట ఎంత లేవవలెనో అదియే చెప్పును. పిమ్మట బ్రామా తాళము నారంభించెను. పదునారు దినములలో మొత్తము ఏబదియొక్క గంటలు పట్టెను. ఆగస్టులో తెరచి, రెండువందల గినీలు గైకొనెను.

బ్రామా వారసులు ఆక్షేపించిరి. ఏ దొంగకు పదునారు దినములు చిక్కును? తాళముపై పనిముట్లు బిగించియుంచి మరునాడు వచ్చి మొదలుపెట్టుట కెవ్వ డవకాశ మిచ్చును? ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఇల్లు కాచుకొనుటకు ఆ తాళము చాలునన్నమాటయే. అయినను నేర్పు కొలువవలసి వచ్చిన నేను ఆ ఏబదియొక్క గంటలకే పీట వేయుదును. ఇరువదియైదు నిమిషముల పని వార్తాపత్రికలకు పండుగ. కంటికి కానరాని పదునెనిమిది పలకలలో ఒక్కొక్కదాని స్వభావమును తెలిసికొనుచు, నిన్నటిదానిని నేడు మరువక, విసుగు చెందక కూర్చుండుట తపస్సు. పిదప కొన్ని యేండ్లకు, హాబ్స్ ఏ సంస్థ పక్షమున వచ్చెనో ఆ సంస్థ తాళమును ఆ యేల్ పండితుడే తెరచెను. విద్యకు అంతమెక్కడ?

ఇచ్చటనే నా విషయము వచ్చుచున్నది. వేగము వేరు, నేర్పు వేరు. నేర్పుగల పని అరుదు. కాని వేగముగల పనికి నేర్పు అక్కరలేదన్నది మనము మరతుము. గీకుడును తట్టుడును సామాన్యుడొక్కడు ఒక దినములో నేర్వగలడు. నేర్వనివాడును పాత కప్పలను తెరువగలడు.

1989లో నేను పనిచేయుచుండిన పాఠశాలలో, ఇనుప పెట్టెలో నుంచిన పరీక్ష రుసుము సొమ్ము ఆరువందల నలుబది రూపాయలు కనబడలేదు. పెట్టెకున్న తాళపుకప్ప వేసినది వేసినట్లే యుండెను. దానికి చెవులు రెండు; ఒకటి ప్రధానోపాధ్యాయుని యొద్ద, రెండవది దినకూలిపై నున్న బంట్రోతు నొద్ద. గ్రామ పెద్దలును ఉపాధ్యాయులును కూడిరి. పండితులు, తర్కము చదివినవారు, మీరు చెప్పు డని నన్నడిగిరి. నేను గొంతు సవరించుకొని చెప్పితిని: కారణము లేక కార్యము పుట్టదు, తాళము చెదరలేదు గాన చెవితోనే తెరువబడినది, ప్రధానోపాధ్యాయుడు ఆ రెండు దినములును ఊరలేడు, మిగిలినది ఎవరో మీరే చూచుకొనుడు. సభ తల యూపెను. బంట్రోతు మూడు మాసముల కూలి వదలుకొని పని మాని, కుటుంబముతో ఊరు విడిచిపోయెను. పెట్టెకు క్రొత్త తాళము వచ్చెను. పాతకప్పను నేను మా దొడ్డితలుపునకు తెచ్చుకొంటిని.

మావాడు వచ్చిన దినమున, "ఇదిగో, దీనిని తీయుము చూతము" అని ఆ కప్పనే తెచ్చి యిచ్చితిని. వాడు చెవిరంధ్రములోనికి చూచి, తోలుసంచి ముట్టలేదు. "దీనికి నేర్పుతో పనిలేదు, మాస్టారూ" అని, గోడవార నున్న విరిగిన గొడుగు పుల్ల నొకదానిని వంచి దూర్చెను. నేను నాలుగు అంకెలు లెక్కించునంతలో కప్ప తెరచుకొనెను. దానిపై గీతయైనను పడలేదు. మరునాడు సంతలో ఆ రకపు కప్పలు మూడు కొని చూపెను. ఒకదాని చెవి రెండవదానిని తెరచెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొగ యున్నచోట నిప్పుండును. కాని నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు, తడికట్టె తగిలిననే యుండును. ఆ తడికట్టెకు ఉపాధి యని పేరు. ఈ పాఠమును నేను ఎందరు పిల్లలకు చెప్పితినో లెక్కలేదు. చెదరని తాళము చెవితోనే తెరువబడునను నా నియమమునకును ఉపాధి యున్నది: తాళము మంచిదైయుండవలెను. నేను దానిని పరీక్షింపనైనను లేదు. ఆ మనుష్యుడు సొమ్ము తీసెనని గాని తీయలేదని గాని నేను నేడును చెప్పజాలను. నేను చూపినది హేతువు కాదు, హేత్వాభాసము. అంతవరకు చెప్పగలను.

శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయును. జందెమును కొలత్రాడుగా వాడుకొనునంతటి రసికుడు. తెల్లవారినపిదప చారుదత్తుడు కన్నపు సొగసును మెచ్చుకొని, వెంటనే మరియొక సంగతి తలచి కలతపడును: కన్నము కన్నులయెదుట నున్నను లోకము నమ్మునా? బీదవాడు గనుక తననే శంకింపదా? అంతటివానికే ఆ భయము కలిగెను. మా బంట్రోతునకు చూపుకొనుటకు కన్నమైనను లేదు.

అమెరికాలో భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డు ఫైన్మన్ యుద్ధకాలమున లాస్ ఆలమోస్‌లో రహస్యపత్రముల పెట్టెలను సరదాకై తెరచుచుండెను. తెరచి యున్న పెట్టెల అంకెలు ఎంత సులభముగా తెలిసికొనవచ్చునో ఒక సేనాధికారికి చూపి, పనివేళ పెట్టెలు మూసియుంచుడని హెచ్చరించెను. ఆ యధికారి చేసినదేమన, ఫైన్మన్ ఎవరి గదికి వచ్చెనో వారెల్లరు అంకెలు మార్చుకొనవలె నని యుత్తరువిచ్చెను! పెట్టెలోని లోపము పెట్టెలోనే యుండెను. అనుమానము మనుష్యుని మీద పడెను. ఈ కథ ఆయన తన పుస్తకముననే చెప్పుకొని నవ్వెను. నవ్వుటకు ఆయనకు వీలుండెను.

మీలో పలువురు ఊళ్లలో తగవులు తీర్చు పెద్దలు. ఇట్టి వ్యవహారము మీ యెదుటికి వచ్చినచో, ముందు ఆ తాళమును గుడ్డలో చుట్టి వేరుగ నుంపుడు. చూచినవారెల్ల తమ చెవులు దూర్చి తిప్పినచో ఉన్న గుర్తులు పోవును. భూతద్దముతో చెవిరంధ్రపు టంచులు చూడుడు. కడ్డి ఆడిన తాళమున పిన్నులపై సన్నని గీట్లు పడుట కలదు. విప్పి చూచు నిపుణులకు అవి కానవచ్చును. అట్టి తాళమే మరియొకటి కొని, ఇరుగుపొరుగు చెవులు పట్టునేమో దానిపై పరీక్షింపుడు. చెవి ఎవని యొద్ద నున్నదను ప్రశ్న పిదప వేయవచ్చును.

2017 వేసవిలో ఆ బంట్రోతు ఉన్న యూరు కనుగొని వెళ్లితిని. కూతురి యింట నుండెను. కన్నులు సరిగా కానవు. నేనెవరనో చెప్పగా లేవబోయెను. కూర్చుండబెట్టి, గొడుగు పుల్ల సంగతి యంతయు చెప్పితిని. ఆయన చాలసేపు పలుకలేదు. పిమ్మట, "ఎంతసేపట్లో తీశాడు పంతులుగారూ?" అని యడిగెను. నాలుగంకెలు లెక్కపెట్టేలోగా నంటిని. ఆయన వంటయింటివైపు తిరిగి కూతురును పిలిచి, "అమ్మాయ్, ఇటు వచ్చి కూర్చో. పంతులుగారు చెప్పేది నువ్వూ విను" అనెను. ఆమె వచ్చి గడపవద్ద కూర్చుండినది. నేను మరల మొదటినుండి చెప్పితిని.